మా బావకు ఒక పలక

మా బావ గోడలు జరిపే మనిషి. మా ఓడలో కొందరు మొక్కలు పెంచుతారు, కొందరు వంట చేస్తారు, నేను బట్టల గదిలో మా గదుల వరుస మొత్తానికీ బట్టలు ఉతుకుతాను, ఆయన గోడలు జరుపుతాడు. ఇదీ ఒక పనేనా అని ఎవరైనా మూతి విరిస్తే నాకు ఒళ్ళు మండుతుంది. ఆయన చెయ్యి పడని గది మా వరుసలో ఒక్కటి లేదు.

ఓడ అంటే నీళ్ళ మీద పోయేది కాదు, చుక్కల మధ్య పోయేది. మొదట ఎక్కినవాళ్ళు ఎప్పుడో పోయారు, చివర దిగబోయేవాళ్ళు ఇంకా పుట్టలేదు, మధ్యలో మేం ఉన్నాం. బయటికి చూసే కిటికీ ఓడ మొత్తానికీ ఒక్కటే. దాని దగ్గరికి వెళ్ళడానికి వరుసలవారీగా వంతులు. మా వంతు వచ్చినప్పుడు పిల్లలు ఒకళ్ళనొకళ్ళు తోసుకుంటూ పరిగెత్తుతారు. పెద్దవాళ్ళం, హమ్మయ్య కాసేపు గోల తప్పింది కదా అని ఓ కునుకు తీస్తాం. చూడ్డానికి అక్కడేముంది గనక, చీకటి తప్ప.

మా బతుకంతా వరుసలోనే. వరుసకు ఒక చివర కదలని ఇనప గోడ, రెండో చివర వసారా, మధ్యలో పక్కపక్కనే గదులు. గదుల ముందు సన్నటి దారి, ఇద్దరు ఎదురుపడితే ఒకరు ఒళ్ళు దగ్గర పెట్టుకుని పక్కకి తిరగాలి. వంటగది, నీళ్ళ కొళాయిలు, నా బట్టల గది వసారాకి అవతల పక్క. గదిలోకి వెళ్ళేది పడుకోవడానికే. తిండి, పిల్లల చదువు, పెళ్ళి మాటలు, తగువులు, అలకలు అన్నీ వసారాలో పొడుగాటి బల్లల దగ్గరే. ఇక రహస్యం దాచడమంటారా, అది మా వరుసలో ఎవరి తరమూ కాదు. నేను గదిలో మా ఆయన్ని నాలుగు దులిపానంటే, ఆ చివర గదిలోంచి ముసలాయన "ఈసారి అతని తప్పు లేదమ్మా" అని తీర్పు చెప్పేస్తాడు.

మనిషికి ఒక పలక. అది ఓడ నియమం. పలకంటే నేల మీద పరిచిన ఇనప రేకు. ఒక మంచం, ఒక పెట్టె పట్టి, పక్కన నిలబడి బట్టలు మార్చుకునేంత వెడల్పు. ఇద్దరుంటే రెండు పలకల గది, నలుగురుంటే నాలుగు పలకల గది. గదికీ గదికీ మధ్య గోడలు పట్టాల మీద ఉంటాయి. ఒక ఇంట్లో బిడ్డ పుడితే ఆ గది గోడని వసారా వైపు ఒక పలక జరుపుతారు. దాంతో పక్క గది, ఆ పక్క గది, అన్నీ అటే జరుగుతాయి, వసారా ఒక పలక తగ్గుతుంది. మనిషి పోతే ఇదే తిరగేసి. గదులన్నీ వెనక్కి వస్తాయి, వసారా ఒక పలక పెరుగుతుంది. పిల్లలకి ఆడుకోవడానికి చోటు పెరిగిందంటే ఎవరింట్లోనో మంచం ఖాళీ అయిందన్నమాట.

మనిషి పోయిన మర్నాడు పొద్దున్నే మా బావ వచ్చేసేవాడు. చేతిలో స్పానర్ల సంచి, చంకలో రసమట్టం. గుమ్మం ముందు నిలబడి ఒకటే మాట, "కాస్త జరగండి." అయ్యో లేదు, పాపం లేదు. చివరికి ఆ మాటే ఆయన పేరైపోయింది. "జరగండి వస్తున్నాడు" అని పిల్లలు ముందే వచ్చి చెప్పేవాళ్ళు. ఏడుస్తున్నవాళ్ళకి ఆయన మొహం చూస్తే మండిపోయేది. నీకు గుండె లేదురా అని ఎదురుగానే తిట్టినవాళ్ళున్నారు. ఆయన నోరెత్తేవాడు కాదు. వాళ్ళని వసారాలోకి పంపేసి, పోయినవాళ్ళ మంచం ముందు తానే విప్పి, పరుపు చుట్టి, ఎవరి కంటా పడకుండా పక్కకి చేర్చి, ఆ తర్వాతే గోడ మీద చెయ్యి వేసేవాడు. మంచం తీస్తుంటే చూడ్డం కన్నా, తీసేశాక చూడ్డం నయమని ఆయన లెక్క. ఈ సంగతి ఆయన మా అక్కకి తప్ప ఎవరికీ చెప్పలేదు. అక్క కడుపులో మాట దాగదు కాబట్టి నాకు తెలిసింది.

బిడ్డ పుట్టిన ఇంటికి వెళ్తే మాత్రం ఆయన తీరు వేరు. గోడ జరిపి, బోల్టులు బిగించి, కొత్తగా వచ్చిన పలక మీద తాను వెల్లకిలా పడుకుని చూసేవాడు. "ఇప్పుడు జానెడంత ఉన్నాడని చూస్తున్నారేమో, రేపు నా అంత అవుతాడు" అనేవాడు. అలా పడుకుని ఒకసారి నిద్రపోయాడు కూడా. బాలింత ఒక మంచం మీద, పసిగుడ్డు ఒక పలక మీద, వాడి పక్కన మా బావ గుర్రు పెడుతూ!

మా అక్కని ఆయన మొదట చూసింది మా నాయనమ్మ పోయిన మర్నాడు. అప్పుడే కొత్తగా పనిలో చేరాడు. మా గుమ్మంలో నిలబడి "కాస్త జరగండి" అన్నాడు. అక్క కళ్ళు తుడుచుకుని, "ఇంకా ఎక్కడికి జరగమంటారండీ, ఓడ బయటికా?" అంది. ఆయన సంచి కింద పెట్టి నిజంగానే ఆలోచించాడు. ఆలోచించి, "వద్దండీ, చలి" అన్నాడు. శవం లేచిన ఇంట్లో మా అక్క పకపకా నవ్వేసి, మా అమ్మ చేత చీవాట్లు తింది. ఇక ఆ తర్వాత మా గోడ పట్టాలు చూసిపోవడానికి ఆయన ఎన్నిసార్లు వచ్చాడో! అరిగిపోయే పట్టాలు ఓడ మొత్తంలో మా ఇంట్లోనే ఉన్నట్టు.

పెళ్ళయ్యాక వాళ్ళు నా పక్క గదిలోనే కాపురం పెట్టారు. పిల్లలు కలగలేదు. రెండు పలకలు, రెండు మంచాలు, గుమ్మానికి అక్క కుట్టిన తెర. గోడ ఇవతల నేను మా ఆయనతో గొంతు చించుకుంటుంటే, అవతల నుంచి బావ గోడ మీద వేలితో టకటకా కొట్టి, "మిరపకాయ్, నా గోడకి పగులొస్తుందే" అనేవాడు. అక్క కిసకిసా నవ్వడం వినిపించేది. నాకు కోపం సగంలో చల్లారిపోయేది.

అక్క వంటగదిలో వడ్డించేది. ఓ మధ్యాహ్నం అందరికీ వడ్డిస్తున్నదల్లా ఉన్నట్టుండి గరిటె పక్కన పెట్టి, "కళ్ళు తిరుగుతున్నాయే" అంది నాతో. "కూర్చోవే కాసేపు" అన్నాను. కూర్చుంది. అంతే, ఇక లేవలేదు. గుండె ఆగిపోయిందన్నాడు డాక్టరు. వరుసలో అందరూ ఏడ్చారు. నాకు ఏడుపు రాలేదు. ఆ రోజూ బట్టలు ఉతికాను, మర్నాడూ ఉతికాను. మూటలో అక్క బట్టలు కూడా వచ్చాయి. ఉతికి, ఆరేసి, మడతపెట్టి, ఎవరికివ్వాలో తెలియక మళ్ళీ బుట్టలో పడేశాను. దేన్ని ముట్టుకున్నా చేతులకి గుడ్డ చుట్టుకుని ముట్టుకున్నట్టుంది. సొంత అక్క పోతే ఏడవని దాన్ని నేనేం మనిషినని నా మీద నాకే చిరాకేసింది. ఆ చిరాకు కూడా ఎక్కువసేపు నిలవలేదు.

మా బావ మర్నాడు పొద్దున్నే లేచి, ఎప్పటిలాగే సంచీ రసమట్టం తీసుకుని బయటికొచ్చాడు. తన గుమ్మం ముందు తనే నిలబడ్డాడు. కాసేపు అలా నిలబడి, ఆ సంచితోనే పక్క వరుసలో ఎవరిదో గోడ బిగించడానికి వెళ్ళిపోయాడు.

ఆ రోజు నుంచీ అదే వరస. పనికి వెళ్తాడు, వస్తాడు, పెట్టింది తింటాడు. "ఉప్పెక్కువైందా బావా?" అంటే "ఊఁ" అంటాడు. "అసలు ఉప్పే వెయ్యలేదు బావా" అంటే దానికీ "ఊఁ" అంటాడు. ఎవరైనా హాస్యమాడితే నవ్వాల్సిన చోట పెదాలు కదుపుతాడు. కళ్ళలో ఏమీ ఉండదు, ఏడుపు కూడా. అక్క మంచం మాత్రం కదపలేదు, గోడ జరపలేదు. అడిగితే బోల్టు అరిగింది, కొత్త బోల్టు రావాలి అంటాడు. ఇంకో రోజు అడిగితే పట్టా బిగుసుకుపోయింది అంటాడు. వరుసవాళ్ళు పాపం అనుకుని ఊరుకున్నారు.

కానీ ఊరుకోనిది గాలి. గదిలోని ప్రతి పలకకీ పైన ఒక జాలీ ఉంటుంది, అందులోంచి గాలి వస్తుంది. ఓడ నడిపే ఆఫీసువాళ్ళు వరుసలో ఎందరుంటే అందరికి సరిపడా వదులుతారు. అక్క పోయిన రోజే అక్క వంతు తగ్గించేశారు. అక్క జాలీ మాత్రం తెరిచే ఉంది. దాన్ని చేత్తో మూసే ఏర్పాటు లేదు, గోడలు జరిగి ఒక పలక వసారాలో కలిస్తే గానీ ఒక జాలీ మూతపడదు. ఓడ కట్టిన మహానుభావులు అలా కట్టి పోయారు. అంటే మా అందరి గాలిలోంచి కొంత, ఎవరూ లేని మంచం మీదికి పోతోంది. కొన్నాళ్ళకి పొద్దున్నే తలనొప్పులు మొదలయ్యాయి. చంటిపిల్లలు ఊరికే చిరాకు పడుతున్నారు. బావకి అవతలి పక్క గదిలో ఉండే దర్జీ, మెషీన్ తొక్కుతూ తొక్కుతూ ఆగి రొప్పుతున్నాడు. మొహమాటస్తుడు, బావతో ఒక్క మాటా అనలేదు. "మా ఆవిడకి కాస్త ఆయాసంగా ఉంటోందండీ" అని నా దగ్గర మాత్రం నసిగాడు.

ఒకనాడు పెద్దమ్మ బట్టల గదికి వచ్చింది. ఆవిడ నిజంగా ఎవరికీ పెద్దమ్మ కాదు. వరుస బాగోగులు చూడ్డానికి మేం ఎన్నుకున్న మనిషి.

"మీ బావతో నువ్వు మాట్లాడతావా, నన్ను మాట్లాడమంటావా?" అంది.

"ఏమైంది పెద్దమ్మా?"

"ఆఫీసు నుంచి కబురొచ్చింది. ఈ వారంలో గోడ జరిపితే సరే, ఒక పలక గది అతనిది, బతికినన్నాళ్ళూ మన మధ్యే ఉంటాడు. జరపలేదనుకో, గది మొత్తం తీసేసి అతన్ని ఒంటివాళ్ళ హాలుకి పంపెయ్యమన్నారు. నాకేమన్నా సరదానా చెప్పు?"

ఆ హాలు సంగతి నాకు తెలుసు. అక్కడి దుప్పట్లు కొన్నాళ్ళు నేనే ఉతికాను. ఓడకి ఆ కొసన, ఇంజను పక్కన ఉంటుంది. గోడలుండవు, తెరలుండవు, ఒకదానిమీద ఒకటి మంచాలు. వసారా లేదు. తిన్నావా అని అడిగే దిక్కుండదు. పై మంచం మనిషి పోయినా కింది మంచం మనిషికి భోజనాల వేళకి గానీ తెలియదు. మా బావ అక్కడికి వెళ్ళాడంటే తిరిగి మనిషిలా మాట్లాడడని నాకు భయం పట్టుకుంది. అక్క ఎలాగూ లేదు. ఆయన కూడా పోతే గోడ మీద టకటకలాడించే వాళ్ళెవరు నాకు?

ముందు మా ఆయన్ని పంపాను, మగవాళ్ళు మగవాళ్ళు మాట్లాడుకుంటారు కదా అని. మా ఆయన నోట్లో నాలుక లేని మనిషని తెలిసీ పంపాను, నాకు బుద్ధి లేదు. వెళ్ళి చాలాసేపు కూర్చుని వచ్చాడు.

"ఏమన్నాడు?" అన్నాను.

"ఏమీ అనలేదు."

"నువ్వేమన్నావు?"

"నేనూ ఏమీ అనలేదు. కాసేపు కూర్చున్నాం."

"సంతోషం!" అని నేనే లేచాను.

బావ తన మంచం మీద కూర్చుని అక్క మంచం వైపు చూస్తున్నాడు. చూస్తున్నాడంటే చూపు అటు ఉంది, అంతే.

"గోడ ఎప్పుడు జరుపుతావు బావా?"

"బోల్టు రావాలి."

"గాడిదగుడ్డేం కాదూ! అందరిళ్ళలో తెల్లారేసరికి దిగిపోయే మనిషివి, నీ ఇంటికొచ్చేసరికి బోల్టులు అరిగిపోయాయా? ఆ హాలుకి పోయి పడి ఉంటావా? పోతే పో! నేను మాత్రం వచ్చి చూడను, చెప్తున్నా."

"ఊఁ."

"ఊఁ ఏంటి ఊఁ! అక్క పోయింది బావా. మంచం ఉంచుకుంటే తిరిగొస్తుందా?"

అనేసి నాలుక కరుచుకున్నాను. ఆయన లేచి నన్ను ఒక్కటి వేసినా పడేదాన్ని. ఆయనకి చీమ కుట్టినట్టయినా లేదు. "సరేలే మిరపకాయ్, రేపు జరుపుతాను" అన్నాడు, ఇంకెవరి గోడ సంగతో చెప్తున్నట్టు.

మర్నాడు వసారా వైపు గదులవాళ్ళంతా సామాన్లు బయటికి తెచ్చుకున్నారు. గోడలు జరిపే రోజున మామూలుగా ఉండే గోలే. మంచాలు, పెట్టెలు, కుట్టు మెషీను, చుట్టిన పరుపులు, వాటి మీదెక్కి గెంతే పిల్లలు. ఎటూ అన్నీ బయటే ఉన్నాయి కదా అని అందరూ దుప్పట్లు తెచ్చి నా నెత్తిన పడేశారు. దాంతో నేను బట్టల గదిలోంచి కదల్లేకపోయాను. దూరం నుంచి గోడలు పట్టాల మీద గరగరమంటూ పోవడం వినిపిస్తోంది, మధ్యమధ్య బావ గొంతు, "కాస్త జరగండి." అక్క మంచం పొద్దున్నే ఎవరూ లేవకముందే ఆయనే విప్పేశాడని దర్జీ పెళ్ళాం వచ్చి చెప్పింది. పోనీలే, గట్టెక్కాం అనుకున్నాను. మనసు కాస్త తేలికపడిందేమో కూడా, సరిగ్గా తెలియలేదు.

నేను దుప్పట్లు మోసుకుని వసారాలోకి వచ్చేసరికి పని అయిపోయింది. ఎవరి సామాను వాళ్ళు లోపల పెట్టేసుకున్నారు. "ఎన్నాళ్ళకి ఊపిరాడిందండీ" అని దర్జీ పెళ్ళాం గుండె మీద చెయ్యేసుకుంది. పిల్లలు ఆ చివరి నుంచి ఈ చివరికి ఒకటే పరుగులు. వసారా మరీ పెద్దగా కనిపించింది నాకు. ఒక మూల సామాను కుప్ప ఒకటి మిగిలి ఉంది. విప్పిన మంచాలు రెండు, పెట్టెలు రెండు, మడతపెట్టిన తెర. బావ పెట్టె మీద కూర్చుని స్పానర్లు తుడుచుకుంటున్నాడు.

"నీ సామాను పెట్టుకోలేదే? పద, నేనూ ఒక చెయ్యి వేస్తాను" అని పరుపు ఎత్తుకుని దారిలోకి నడిచాను. దర్జీ గది తెర వచ్చింది. ఆ పక్కన మా గది తెర వచ్చింది. ఒకటి దాటేశానేమో అని వెనక్కి వచ్చాను. మళ్ళీ మా గది, దర్జీ గది. మధ్యలో రెండు గోడలు ఒకదాన్నొకటి ఆనుకుని నిలబడి ఉన్నాయి, వేలు దూరే సందు కూడా లేకుండా.

పరుపు అక్కడే పడేసి ఒక్క పరుగున వచ్చాను.

"బావా, నీ గదేది?"

"తీసేశాను" అన్నాడు, స్పానరు తుడవడం ఆపకుండా.

"తీసెయ్యడమేంటి?"

"ఖాళీ అయిన ఇంటికి గోడ ఉంచరు కదా. రెండు పలకలూ వసారాలో కలిపేశాను."

"ఖాళీ ఎక్కడయింది బావా? నువ్వున్నావు కదా!"

స్పానరు ఆగింది. ఆయన తలెత్తి నా మొహంలోకి చూశాడు. ఎక్కడో పెట్టి మరిచిపోయిన వస్తువు గుర్తుచేసినట్టు, "అవును కదా" అన్నాడు. కాసేపటికి, "నేనున్నాను కదా" అన్నాడు.

కావాలని చేసి ఉంటే ఇంతెత్తున లేచేదాన్ని, జుట్టు పట్టుకుని అడిగేదాన్ని. కావాలని చెయ్యలేదు. ఇన్నేళ్ళుగా గోడలు జరిపిన మనిషి, పోయినవాళ్ళని తీసేస్తూ తీసేస్తూ తననీ తీసేసుకున్నాడు, తీసేసుకున్నట్టు కూడా తెలియలేదు.

గోల విని అందరూ బయటికొచ్చారు. పెద్దమ్మ దారిలోకి వెళ్ళి చూసి తిరిగొచ్చింది.

"పొరపాటు పెద్దమ్మా, మళ్ళీ జరిపించు" అన్నాను.

"మూసేసిన గది మూసేసినట్టేనమ్మా. ఇప్పుడతను పలక లేని మనిషి. కొత్తగా చోటు అడగాలి, వరుస ఇవ్వాలి. లేదా హాలే."

అడగడం అంటే మాకు ఒక పద్ధతి ఉంది. చోటు కావలసిన మనిషి వసారా మధ్యలో నిలబడి, వరుస మొత్తం వింటూ ఉండగా నోరు తెరిచి అడగాలి. పెద్దమ్మ "ఇచ్చాం" అంటుంది. ఇచ్చాం అంటేనే గోడ మీద చెయ్యి వెయ్యాలి. బిడ్డ పుడితే తల్లో తండ్రో ఎత్తుకుని అడుగుతారు. కొత్త జంటకి పెళ్ళికొడుకు అడుగుతాడు, మిగతా పెద్దవాళ్ళు ఎవరిది వాళ్ళే.

"నేనడుగుతాను ఆయన బదులు" అన్నాను.

"నువ్వేమైనా కన్నావా అతన్ని?" అంది పెద్దమ్మ. తర్వాత గొంతు తగ్గించి, "అతనికి ఉండాలని ఉందో లేదో అతని నోటి నుంచే రావాలి తల్లీ" అంది.

బావ లేచి వసారా మధ్యలోకి వచ్చాడు. రమ్మంటే వచ్చాడు. చేతులు రెండు పక్కలా వేలాడుతున్నాయి. ఆయన నోరు తెరవడు. పిల్లలు కూడా ఆగిపోయి చూస్తున్నారు. ఇంతలో దర్జీ తన గదిలోకి వెళ్ళాడు. అప్పుడే సర్దుకున్న కుట్టు మెషీను మళ్ళీ ఈడ్చుకుంటూ బయటికి తెచ్చి బల్ల పక్కన పెట్టాడు. అతన్ని చూసి అతని పక్క గదివాళ్ళు మంచం పట్టుకొచ్చారు. వాళ్ళని చూసి ఇంకొకళ్ళు. అడుగు బావా, ఒక్క మాట అడుగు అని నేను లోపల్లోపల కొట్టుకుంటున్నాను.

"మా ఇద్దరికీ చోటు కావాలి" అన్నాడు బావ.

పెళ్ళి రోజున ఇదే వసారాలో అక్క పక్కన నిలబడి ఆయన అడిగిన మాట అది. బతుకులో ఆయన అడిగింది ఆ ఒక్కసారే, అడగడమంటే ఆయనకి తెలిసిన మాట అదొక్కటే. అనేసి, పక్కకి తిరిగి చూశాడు. చాలాసేపు చూశాడు.

"కాదు" అన్నాడు. "కాదు కాదు. ఒక్కడికే." బల్ల వైపు చెయ్యి చాచాడు. "నా ఒక్కడికే" అని, బల్ల అంచు పట్టుకుని కిందికి జారిపోయి, అక్క పోయాక మొదటిసారి బావురుమన్నాడు.

ఇచ్చాం అనాల్సింది పెద్దమ్మ. ఆవిడ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని గోడ వైపు తిరిగిపోయింది. "ఇచ్చాం బావా, ఇచ్చాం" అని నేనే అరిచాను, ఆయన పక్కన కూలబడి, ఆయనకన్నా గట్టిగా ఏడుస్తూ. ఆ మాట అనడానికి వరుసలో నాకు ఏ అధికారమూ లేదు.